గడప మీద తిర్సమ్మ స్తోత్రం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త యెమీమమ్మ. ఆమె చెప్పినట్టే రాస్తున్నా. తర్వాతోళ్ళు అతికించినవి నాకక్కర్లేదు.

సముద్రం ఇంకా ఊరి పక్కనే ఉన్న కాలంలో, ఉప్పుమడుల దగ్గర ఒక యూదుల పేట ఉండేది. అందులో తిర్సమ్మ అని ఉప్పు మోసుకు బతికే ఒంటరి మనిషి. కళ్ళు తెరిస్తే దేవుడికి స్తోత్రం. రొట్టె విరిస్తే స్తోత్రం. తిని చెయ్యి కడిగితే స్తోత్రం. "దీనికి తిండి తక్కువ, స్తోత్రాలెక్కువ" అని నవ్వేవాళ్ళు.

ఒక ఏడు ఉప్పెనొచ్చింది. తిర్సమ్మ తాటిమొద్దు పట్టుకు తేలుతూ, "ప్రభువా, నన్ను ఒడ్డున పడేస్తే ఒక్క గొంతుతో కాదు, మూడు గొంతులతో నీకు స్తోత్రం చెప్పిస్తా" అని మొక్కుకుంది. ఆయన ఒడ్డున పడేశాడు.

వాళ్ళ ధర్మం ఏమిటంటే, మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు, ముగ్గురు కలిసి రొట్టె తింటే, లేచేముందు ఒకరు స్తోత్రానికి పిలవాలి, ఇద్దరు పలకాలి. కానీ ఉప్పెన భయానికి పేటలో ఆడవాళ్ళంతా మెరక ఊళ్ళకి పోయారు. మిగిలింది ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దది మిల్కమ్మ, చిన్నది కెతూరమ్మ. ఒక రోలు కోసం తగువులాడి, ఇంటి మధ్య గోడ పెట్టుకున్నారు. గోడలో ఒక గుమ్మం మాత్రం మిగిలింది.

తిర్సమ్మ మిల్కమ్మని పిలిచింది. "అదొస్తే నే రాను." మొక్కు అలాగే ఉండిపోయింది.

కెతూరమ్మని పిలిచింది. "ఆవిడొస్తే నే రాను." మొక్కు అలాగే ఉండిపోయింది.

మూడోసారి గోధుమ రొట్టెలు కాల్చి, పప్పు వండి, తట్ట నెత్తినెత్తుకుని ఆ ఇంటికే పోయింది. "మీ గదుల్లో మీరే తినండి వదినా. వేరే గదులైనా ఒకరికొకరు కనబడితే ఒక్క బంతే" అని, నడిమి గడప మీద కూర్చుంది.

"గడప మీద కూర్చుంటావేం, అరిష్టం" అంది మిల్కమ్మ.

"ఉప్పెన కంటేనా?" అంది తిర్సమ్మ.

ఇద్దరూ తిన్నారు. కానీ ఒకరికొకరు వీపులు పెట్టుకుని తిన్నారు.

"ఇటు తిరగండి వదినా. కనబడకపోతే బంతి కాదు."

"నేను గోడకేసి పలుకుతా" అంది మిల్కమ్మ.

"గోడ తిన్నదా రొట్టె?"

"ఆవిణ్ణే ముందు తిరగమను" అంది కెతూరమ్మ.

తిన్నది అరిగేలోపు చెప్పకపోతే ఆ స్తోత్రం చెల్లదు. ఇంకోసారి వండటానికి తిర్సమ్మ ఇంట్లో పిండి లేదు.

"వదినా, ఆ ఉప్పెన నీళ్ళల్లో నాకు మీ ఇద్దరి మొహాలే కనబడ్డాయి" అంది నెమ్మదిగా. "ఎడంగా కాదు, పక్కపక్కనే."

కెతూరమ్మ ఓరగా తిరిగింది. అప్పుడు మిల్కమ్మా తిరిగింది.

"అక్కా, నీ ముక్కు మీద పప్పు" అంది కెతూరమ్మ.

గోడ పెట్టాక అక్కా అన్నది అదే మొదలు. మిల్కమ్మ ముక్కు తుడుచుకోబోయి చెంపకి కూడా పూసుకుంది. ముగ్గురూ పొట్టలు పట్టుకు నవ్వారు. ఆ నవ్వులోనే తిర్సమ్మ పిలిచింది:

"ఎవరిచ్చింది మనం తిన్నామో, ఆయనకు స్తోత్రం."

"ఎవరిచ్చింది మనం తిన్నామో, ఎవరి దయతో బతికామో, ఆయనకు స్తోత్రం" అని ఇద్దరూ పలికారు.

తిర్సమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ పేటలో ఇద్దరికి మాటల్లేకపోతే, మూడోవాళ్ళు రొట్టెలు తెచ్చి గడప మీద కూర్చుంటారు. మొహాలు తిరిగేదాకా లేవరు.

మరి ఆ పేట ప్రార్థన మందిరం గుమ్మం మీద ఈ ఆచారం పెట్టింది మిల్కమ్మ అని ఎందుకు చెక్కారు? ఆ గుమ్మం ఆవిడ మనవలు చేయించారని. ముందు తిరిగింది కూడా ఆవిడ కాదు. నా చేతిరాత వంకర. అక్షరం బాగా వచ్చినవాళ్ళెవరైనా ఆ పేరు చెరిపేసి, తిర్సమ్మ అని రాయండి.