అంకురశాలకు దొరికిన సాక్షి

గండవరం రాజు మల్లభూపతికి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. కదల్లేని రాజుకు కూర్చున్నచోటు నుంచే లోకాన్ని చక్కదిద్దాలని బుద్ధి పుడుతుంది. ఆ పూట ఆ బుద్ధి విద్యాపీఠం వెనకున్న అంకురశాల మీదికి మళ్ళింది.

అంకురశాల అంటే ఒక పెద్ద పెంకుటి కొట్టం. కొత్త సరుకు చేయాలనే ఊహ ఉండి, చోటూ పనిముట్లూ లేనివాళ్ళకు అందులో రెండేళ్ళపాటు ఒక బల్ల ఇస్తారు. పీఠంలోని అయ్యవార్లు వచ్చి సలహా చెబుతారు. పని కుదిరిందా, బల్ల ఖాళీ చేసి ఊళ్ళో దుకాణం పెట్టుకోవాలి. ఇంకో ఆచారం కూడా ఉంది. తయారైన మొదటి సరుకు పీఠంలో పెద్ద పండితుడికి ఇవ్వాలి. ఆయన వాడి చూసి లోపాలు చెప్పాలి.

ఆ పెద్ద పండితులు త్రివిక్రమ శర్మగారు. వర్తకం మీద పన్నెండు గ్రంథాలు రాశారు, జన్మలో తోటకూర కట్ట అమ్మి ఎరగరు. తనకిచ్చేవన్నీ తన పాండిత్యానికి జరిగే సత్కారాలనుకునేవారు. ఆ కొట్టంలో తన గ్రంథాలు కొలువుతీరాలని ఆయన కోరిక.

"మహాప్రభూ, నిన్న వెళ్ళి చూశాను. పన్నెండు బల్లల్లో పదకొండు ఖాళీ! ఉన్నది ఒక్క ఆడమనిషి. ఏదో కర్ర చెక్కుకుంటోంది. మూయించెయ్యండి" అన్నారు శర్మగారు.

ఆ ఆడమనిషి సిద్ధమ్మ, రాజుగారి తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడ్డ ఓబయ్యకు స్వయానా అక్క. ఓబయ్య మొహం మాత్రం తమలపాకులా మామూలుగానే ఉంచాడు.

"ప్రభూ, ఆ పదకొండుమందీ పని కుదిరి వెళ్ళినవాళ్ళే" అన్నాడు.

"అయితే రేపు నిరూపించు" అన్నాడు రాజు. "నేను సింహాసనం దిగను."

"సరుకు మోసుకురాకూడదు. సంతలో కొని మాదేనంటారు" అన్నారు శర్మగారు. "శాలలో మనిషి సాక్ష్యమూ చెల్లదు. ప్రభువులు నమ్మే పెద్దమనిషి చెప్పాలి!"

"చిత్తం" అన్నాడు ఓబయ్య.

సాయంత్రం సిద్ధమ్మ తమ్ముణ్ణి చూడగానే కళ్ళు తుడుచుకుంది. "ఒరే, మూస్తే చేతికర్ర, తెరిస్తే గొడుగు. అంతా కుదిరిందిరా. గాలి తగిలితే మాత్రం మూసుకుపోతోంది. ఎందుకో అంతు చిక్కట్లేదు. శర్మగారికిచ్చి నెలయింది, ఒక్క మాట చెప్పరే! ఈసారి ఉత్త చేతుల్తో వెళ్ళానంటే మా అత్తగారు మళ్ళీ ఉలి ముట్టనివ్వదు."

"చెబుతారులే అక్కా. రేపు సభ గుమ్మం పక్కన నిలబడు" అన్నాడు ఓబయ్య.

మర్నాడు సభ నిండింది. ఓబయ్య చేతిలో తాంబూలం పెట్టె తప్ప ఏమీ లేదు. చేతికర్ర పొడుచుకుంటూ శర్మగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏడిరా నీ సాక్షి?" అన్నాడు రాజు.

"ఇప్పుడే వేంచేశారు ప్రభూ" అని ఓబయ్య శర్మగారి వైపు తిరిగాడు. "అయ్యా, తమ ఉత్తరీయం బాగుంది. ఎక్కడిది?"

"శాలవాళ్ళ సత్కారం. బాగుండకేం! మొదటిసారి రంగు దిగి నా వీపు గుమ్మడిపండైంది. పిలిచి చీవాట్లు పెట్టి, పటిక ఎక్కువ వేసి మళ్ళీ అద్దమన్నాను."

"ఇప్పుడో?"

"నలభై ఉతుకులైనా చెక్కు చెదరలేదు. చెదిరితే ఊరుకుంటానా?"

"ఆ అద్దకంవాడు ఏమయ్యాడు?"

"ఏటిగట్టు వీధిలో ఏడుస్తున్నాడు! పాడుబడ్డ వీధి, నిశ్శబ్దంగా ఉండేది. ఇప్పుడు పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు అదే పని. గుడ్డలు ఆరేసి నా పల్లకీకి దారి లేకుండా చేశారు!"

రాజు మీసం సవరించుకున్నాడు.

"ఆ పొడుం డబ్బీ?" అన్నాడు ఓబయ్య.

"అదీ అంతే. మూత వదులై పొడుం నా పంచెలో పోసింది. బిగించమన్నాను. ఇప్పుడు పొరుగూరి సంతలకు బళ్ళకెత్తి పంపుతున్నారట. అసలు ఆ శాల నుంచి లోపం లేకుండా వచ్చిన సరుకే లేదు ప్రభూ! పదకొండూ నేను దిద్దితేనే పనికొచ్చాయి!"

సభలో ఎవరో దగ్గారు. శర్మగారు దాన్ని మెచ్చుకోలుగా స్వీకరించారు.

"మరి ఆ చేతికర్ర?" అన్నాడు రాజు.

"ఇదొక్కటి ఉత్త పనికిమాలినది. తమరే చూడండి!" అని శర్మగారు లేచి గొడుగు తెరిచారు. వింజామరలవాళ్ళు అటే వీస్తున్నారు. గొడుగు టపుక్కున మూసుకుపోయి, శర్మగారిని భుజాల దాకా మింగేసింది.

"చూశారా!" అని లోపల్నించి గొంతు వినిపించింది. "పిడి దగ్గర చీల మరీ పొట్టిది! వేలెడంత ఉంటే నిలబడి చస్తుంది! ఈమాత్రం తెలియదూ?"

గుమ్మం దగ్గర సిద్ధమ్మ చూపుడువేలు ఎత్తి కొలత చూసుకుంది. "వేలెడంత" అనుకుంది పైకే. నెలరోజుల దిగులు ఒక్కసారిగా దిగిపోయింది.

"ఓబయ్యా, నా సభలో ఏమిట్రా ఇది?" అన్నాడు రాజు.

"అంకురశాల పని నడుస్తోంది ప్రభూ. తమరు సింహాసనం దిగక్కర్లేకుండా ఇక్కడికే వచ్చింది."

రాజు మోకాళ్ళు పట్టుకుని మరీ నవ్వాడు. సభంతా గొల్లుమంది. రాజు తన చేతి కంకణం తీసి ఓబయ్యకు తొడిగాడు.

"శాల ఉంటుంది. సరుకుల తప్పులు చెప్పే అధికారం శర్మగారిదే. ఆయన గ్రంథాలకు కూడా ఒక బల్ల ఇవ్వండి. రెండేళ్ళలో ఒక్కటైనా ఎవరికైనా పనికిరావాలి, లేదంటే అందరిలాగే బల్ల ఖాళీ చేయాలి!"

గొడుగులోంచి శర్మగారు కొంచెం ఆలోచించారు.

"మహాప్రభూ, ఇది సత్కారమే కదా?"