కొంగు ముడి

దస్తగిరి పెళ్లాం కొంగు పట్టుకు తిరుగుతాడని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. నిద్రలో కూడా వదలడన్న సంగతి వాళ్లకు తెలియదు. పడుకునే ముందు కాశింబీ చీర కొంగును రోజూ తన మణికట్టుకు ముడి వేసుకునేవాడు. ఆమె మంచినీళ్లకు లేచినా ఉలిక్కిపడి, "యాడికి?" అని గద్దించేవాడు.

ఆ పొద్దున కాశింబీ చెప్పేసింది. "నాకు ఊపిరాడ్డంలేదు. ఇట్లయితే మాయమ్మోళ్లింటికి పోతా."

దస్తగిరి గురువు దగ్గరికి పరుగెత్తాడు. దూది ఏకడం నేర్పినా, నాలుగు మంచి మాటలు నేర్పినా అతనికి నబీ తాతే.

తాత పాకలో దూది ఏకే విల్లు మీటుతున్నాడు. ధుం, ధుం. ఎండపొడలో దూది నూగు తెల్లగా తేలుతోంది.

"అది నన్నిడిసి పోకుండా తాయెత్తు కట్టు తాతా."

తాత అతని ఎర్రటి కళ్లు చూశాడు. "ముందు ఆ దూదిలో పండుకో."

"చేతిలో ఏమీ లేకుంటే నిద్ర పట్టదు."

తాత తన శాలువా కొస అందించాడు. దస్తగిరి దాన్ని పిడికిట్లో బిగించి కళ్లు మూశాడు.

ధుం, ధుం. దూది మబ్బయింది. మబ్బులో పాత ఇల్లు కనిపించింది. ఐదేళ్ల దస్తగిరి అమ్మ కొంగు పట్టుకుని నిద్రపోతున్నాడు. తెల్లారింది. పిడికిట్లో చీర ఉంది. అమ్మ లేదు.

మెలకువ వచ్చింది. పాకలో చప్పుడు లేదు. పిడికిట్లో శాలువా ఉంది. తాత లేడు.

"అమ్మా!" అని అరుస్తూ వాకిట్లోకి పరుగెత్తాడు.

నబీ తాత నీళ్ల బిందెతో ఎదురొస్తున్నాడు. ఆగి, అతన్ని తేరిపార చూశాడు.

"ఏమని పిలిస్తివి నన్ను?"

దస్తగిరి అక్కడే కూలబడి, ఎన్నో ఏళ్ల ఏడుపు ఏడ్చాడు.

తాత బిందె దించి, అతని జుట్టులో చిక్కుకున్న దూది ఒక్కొక్క పోగే ఏరాడు.

"ఇంటికి పో. ఆ యమ్మిని దాని పేరుతో పిలువు."

ఆ రాత్రి దస్తగిరి ముడి వేసుకోలేదు. నిద్రా పట్టలేదు. తెలతెలవారుతుండగా పక్కన కాశింబీ లేచిన అలికిడయింది. గొళ్లెం తీసిన చప్పుడు. అయినా చెయ్యి చాచలేదు, మంచం దిగలేదు.

చాలాసేపటికి బావి గిలక కిర్రుమంది.

"కాశింబీ" అన్నాడు మెల్లగా.

"ఆఁ. నీళ్లు తోడుతాండా."