మొహరీ మీద అతుకు

తొమ్మిదేళ్లుగా కుంపటి ముందు కూర్చుంటున్నా, కాళప్పస్వామి నోట "బాగుంది" అన్న మాట కామాక్షమ్మ ఒక్కసారీ వినలేదు.

భర్త పోయిన ఏడాదే ఆమె ఆయన సుత్తీ పట్టకారూ కొంగున చుట్టుకుని స్వామి దగ్గరికి వచ్చింది. ప్రొద్దుటూరులో కంసాలుల వీధి చివర ఒక గది, ముందు వసారా. అదే మఠం. స్వామి పొద్దున పదిమందికి తత్వం చెప్పేవాడు. మిగతా పగలంతా బంగారం పని చేసేవాడు. రెండూ ఒకే పీట మీద కూర్చుని. ఆ పీట మీద ఇంకొకరు కూర్చోగా వీధిలో ఎవరూ చూడలేదు.

"పని నేర్పండి స్వామీ" అంది ఆరోజు.

వీధి నవ్వింది. మరిది మౌనయ్య అన్న అంగడికి తాళం వేసేసి, "ఆడమనిషికి ఊదుగొట్టం ఎందుకు వదినా? ఇంట్లో పొయ్యి లేదా ఊదుకోను?" అన్నాడు. ఆ తాళం ఇంతవరకూ తియ్యలేదు.

స్వామి మాత్రం పీట పక్కన నేల చూపించి, "కూర్చో" అన్నాడు.

కూర్చుంది. చేతులు కాల్చుకుంది. నేర్చుకుంది. ఇప్పుడు ఆమె అతుకు పెడితే అది ఎక్కడుందో పెట్టించుకున్నవాళ్లకే తెలియదు. పని తెలిసినవాళ్లు మెచ్చుకున్నారు, తెలియనివాళ్లు చూసి ఏడ్చారు. స్వామి మాత్రం వేలితో తడిమి, పక్కన పెట్టి, ఇంకో పని చేతికిచ్చేవాడు.

ఆ మధ్యాహ్నం ఆమె చిన్న డబ్బీ ఒకటి పట్టుకుని వచ్చింది. నడకలోనే తేడా ఉంది.

"స్వామీ, దీని మీద అతుకు యాడుండాదో చెప్పండి."

డబ్బీలో నల్ల మఖమలు గుడ్డ. దాని మీద మొహరీ ఒకటి, నవాబుల కాలం నాటి బంగారు నాణెం.

"ఎవరిదమ్మా?"

చెప్పింది.

పదిరోజుల కింద మౌనయ్య హైదరాబాదు మనిషిని ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పేరు దివాకర్. పాత నాణేలు కొని వేలంలో పెడతాడు. వచ్చీరాగానే ఫోను తీసి చూపించాడు. పెద్ద హాలు, వరసగా కుర్చీలు, లేచే చేతులు. ఇలాంటి మొహరీయే ఒకటి పోయిన నెలలో రెండు కోట్ల డెబ్బై లక్షలకు పోయిందట. ఇంతకుముందెన్నడూ ఆ ధర పలకలేదట. చివరి చెయ్యి లేచినప్పుడు హాలంతా నిలబడి చప్పట్లు కొట్టింది.

తర్వాత ఈ మొహరీ తీశాడు. అదే రాజు, అదే ఏడు. కాకపోతే దీని నెత్తిన కొక్కెం ఉంది. ఏ ఇంటి ఆడమనిషో మెడలో వేసుకోవడానికి అతికించుకున్నది.

"కొక్కెం పడిందంటే నాణెం చచ్చినట్టేనమ్మా" అన్నాడు దివాకర్. "కరిగించే బంగారం ధరకు మించి రావడం కష్టం. ఇది తీసి, మచ్చ మాపి, దాని కింద చెరిగిన రెండక్షరాలు మళ్లీ చెక్కాలి. ఎవరి చెయ్యీ తగలనట్టు ఉండాలి. దానికే రేటు."

పని చేస్తే ఎనిమిది లక్షలు. సరిగ్గా మౌనయ్య అంగడికి అడుగుతున్న మొత్తం. తొమ్మిదేళ్లుగా తియ్యని ఆ అంగడి తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. అది తీసి, ఆమె కళ్ల ముందు ఒకసారి ఆడించి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"ఎనిమిది రోజులు పట్టింది స్వామీ" అంది కామాక్షమ్మ. "సాయంత్రం వస్తారు. ఆదివారం వేలం. ఇచ్చేముందు మీరొక్కసారి చూస్తే..."

అడగవలసిన మాట అడగలేక ఆగిపోయింది.

స్వామి కళ్లల్లో శుక్లాలు. పదేళ్ల నుంచీ చూపంతా ఆయన బొటనవేల్లోనే ఉంది. మొహరీ చేతికి తీసుకున్నాడు.

"అయ్యో, వేలిముద్ర పడుతుంది స్వామీ! తొడుగులు తెచ్చినా. ఆయనే ఇచ్చినాడు, తెల్లవి."

"బంగారానికి నా వేలంటే అంత భయమా?"

అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. ఒక చుట్టు. రెండో చుట్టు. బొమ్మవైపు తడిమాడు, రాతవైపు తడిమాడు.

"దొరకలేదు" అన్నాడు.

ఆమె మొహం విప్పారింది. ఇప్పుడంటాడు. తొమ్మిదేళ్లకు ఇప్పుడంటాడు.

స్వామి మొహరీని ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇప్పుడు నువ్వు కళ్లు మూసుకో."

మూసుకుంది.

"నువ్వు వెతుకు."

వెతకడానికేముంది? ఆమె వేలు తిన్నగా వెళ్లి కొక్కెం ఉండినచోటే ఆగింది. వేలి కింద నునుపు తప్ప ఏమీ లేదు. ఆ రెండక్షరాలకూ పక్కవాటికీ రవ్వంత తేడా లేదు. అయినా వేలు అక్కడే ఆగింది.

"దొరికిందా?" అన్నాడు స్వామి.

కామాక్షమ్మ కళ్లు తెరిచి, వేలు వెనక్కి తీసుకుంది.

"తీసిన కొక్కెం ఏదమ్మా?"

కొంగు ముడి విప్పింది. మడతపెట్టిన కాగితంలో చిన్న బంగారు కొక్కెం. దారం రాసుకుని రాసుకుని లోపలివైపు వెంట్రుకంత సన్నగా అరిగిపోయి ఉంది. ఎవరిదో ఒక మెడ. ఎన్నో ఏళ్లు.

"కరిగించలేదే?"

"ఏమో స్వామీ. బుద్ధి పుట్టలా."

స్వామి సగం అయిన వడ్డాణం ఒకటి ఒళ్లోకి లాక్కుని పనిలో పడ్డాడు.

ఆమె లేచి బొగ్గులు ఎగదోసింది. ఊదుగొట్టం తీసింది. అతుకు పట్టడానికి వెలిగారం తడిపింది. కొక్కేన్ని పట్టకారుతో పట్టి, మొహరీ నెత్తిన, అది మునుపు ఉన్నచోటనే నిలబెట్టింది. ఊదింది. కొక్కెం అతుక్కుంది.

నాలుగింటికి దివాకర్ కారు వీధి మొదట్లో ఆగింది. మౌనయ్య ముందు నడిచాడు, దివాకర్ వెనక వచ్చాడు.

"ఏమమ్మా, అయిందా?"

"అయింది" అని డబ్బీ ఇచ్చింది.

దివాకర్ తెల్ల తొడుగులు వేసుకుని, భూతద్దం పెట్టుకుని, మూత తీశాడు. చూశాడు. భూతద్దం తీసి మళ్లీ చూశాడు.

"ఏంటిది?"

"మీ మొహరీ. మీరిచ్చినప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాది. చూసుకోండి."

"కొక్కెం తియ్యలేదా?"

"తీసినా. మళ్లీ పెట్టినా."

"ఎందుకు?"

"తీయకుండా ఉండాల్సింది కాబట్టి."

మౌనయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "వదినా! మతి ఉండే చేసినావా? రెండు కోట్ల సరుకు!"

"దీనికి మతితో పని లేదులే మౌనయ్యా. ఊదుగొట్టం చాలు."

దివాకర్ గొంతు తగ్గించాడు. "ఇంతపని తెలిసినదానివి. అతుకైనా సన్నగా పెట్టొచ్చు కదా. ఇంత లావున, పల్లెటూరి పనిలా కనిపిస్తోంది!"

"కనిపించాలనే పెట్టినా."

"సరే. ఊళ్లో నువ్వొక్కదానివేనా? వేరేవాళ్లతో తీయించుకుంటా."

"తీయించుకోండి. ఆదివారం ఆ హాలుకు నేనూ వస్తా. చేతులు లేస్తా ఉంటాయి కదా, అప్పుడు నా చెయ్యి కూడా లేపుతా. ఆ రెండక్షరాలు చెక్కింది నేనే అని చెప్తా."

"నిన్నెవరు అడుగుతారు?"

"అడక్కపోయినా చెప్తా."

"అంటే నీ తప్పు నువ్వే చెప్పుకుంటావా అందరి ముందూ?"

"నేను కాకపోతే ఇంకెవరు చెప్తారయ్యా?"

దివాకర్ ఆమె వైపు చూశాడు. స్వామి వైపు చూశాడు. స్వామి తల ఎత్తలేదు. వడ్డాణం మీద సుత్తి టకటకమంటూనే ఉంది.

కామాక్షమ్మ గూట్లో నుంచి నోట్లకట్ట తీసి డబ్బీ పక్కన పెట్టింది. ముందుగా ఇచ్చిన యాభై వేలు. రబ్బరుబ్యాండు కూడా తియ్యలేదు.

దివాకర్ రెండూ తీసుకుని వెళ్లిపోయాడు. తెల్ల తొడుగు ఒకటి గడప మీద పడిపోయింది. దానికోసం తిరిగి రాలేదు.

మౌనయ్య మాత్రం గుమ్మంలోనే నిలబడ్డాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. ఈసారి ఆడించలేదు.

"అంగడి పాయె కదా వదినా."

"పాయె."

"ఆయన ఊరంతా చెప్తాడు. రేపటినుంచి నీకు పనిచ్చేదెవరు?"

"చూస్తా."

"చూస్తావు సరే. యాడ కూర్చోని చేస్తావు? ఈ నేల మీదనేనా, సచ్చేదాకా?"

ఆమె తల దించలేదు. మౌనయ్య కళ్లల్లోకి చూస్తూనే నిలబడింది. చివరికి ఆయనే చూపు తిప్పుకున్నాడు.

సుత్తి చప్పుడు ఆగింది.

స్వామి వడ్డాణం కింద పెట్టాడు. కూర్చున్న పీట మీద ఒక చివరకు జరిగి, పక్కన చోటు చేశాడు. చేత్తో ఆ చోటి మీది దుమ్ము తుడిచాడు.

"కుంపటి ఆరిపోతాండాది" అన్నాడు. "రా."