చిలక గోచీ

అటు జరుగు. కాళ్ళు ముడుచుకో. నీ తమ్ముడి డైపరు మీద ఏనుగు బొమ్మ ఎందుకని పొద్దున్నించీ నా ప్రాణం తీస్తున్నావు. ఏనుగు సంగతి నాకు తెలీదు. చిలక సంగతి చెప్తా, విను.

అనగనగా ఓ అద్దకాల ఊరు. ఆ ఊళ్ళో ఎవరి చేతులు చూసినా ఎర్రగానో నల్లగానో ఉండేవి. చెక్క మీద పువ్వులూ, తీగలూ, చిలకలూ చెక్కి అచ్చులు చేసేవాళ్ళు. ఆ అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీద కొట్టేవాళ్ళు. ఆ తర్వాత గుడ్డల్ని కాలవలో జాడించి గట్టు మీద ఆరేసేవాళ్ళు.

అచ్చులు చెక్కడంలో కోటయ్య తర్వాతే ఎవరైనా. ఆయన చిలక గుడ్డ మీద పడిందంటే, వేలు పెడితే పొడుస్తుందేమో అన్నట్టుండేది. గుళ్ళో దేవుడి ముందు వేసే తెరకి ఆయన అచ్చులే. అందుకని కాస్త గీర కూడా ఉండేది. ఉండనీ, పనొచ్చినవాడికి ఉంటే తప్పేంటి?

ఆయన కోడలు తిరపతమ్మ. తెల్లారితే మొలలోతు నీళ్ళలో నిలబడి గుడ్డలు జాడించడం ఆవిడ పని. ఆవిడకో చంటిపిల్ల, చుక్కమ్మ. ఆ పిల్లకో గుణం ఉంది. ఎవరెత్తుకుంటే వాళ్ళ ఒళ్ళో ఉచ్చ పోసేది.

"తమ్ముడూ అంతేగా అమ్మమ్మా?"

నువ్వూ అంతే. విను.

మొదట పక్కింటి రత్తమ్మ ఎత్తుకుంది, తడిసింది. ఆ తర్వాత పిన్ని ఎత్తుకుంది, తడిసింది. ఆ తర్వాత పేరంటానికొచ్చినావిడ పట్టుచీరతో ఎత్తుకుంది. ఇంకేముంది, ఊరంతా తెలిసిపోయింది. అప్పట్నించీ ఆ పిల్లని ముట్టుకున్నవాళ్ళు లేరు.

అత్త ఆదెమ్మ రంగు కాగుల దగ్గర మంట ఎగదోస్తూ ఉండేది, కదలడానికి లేదు. పిల్ల ఉయ్యాల్లో గొంతు ఎండిపోయేదాకా ఏడ్చేది. ఆ ఏడుపు కాలవలోకి వినబడేది. చేతిలో గుడ్డ వదిలితే కొట్టుకుపోతుంది. వదలకపోతే పిల్ల అలా ఏడుస్తూనే ఉంటుంది. అదీ తిరపతమ్మ బతుకు.

కానీ ఆవిడ కూర్చుని ముక్కు చీదే రకం కాదు. అప్పుడు ఓ ఉపాయం తట్టింది. ఆ ఊరి జనానికి మంచి అద్దకం కనపడితే చాలు, చేతిలోకి తీసుకుని, తిరగేసి, మరగేసి చూడందే కాళ్ళు కదలవు. మరి అద్దకం పిల్ల గోచీ మీదే ఉంటే? గోచీ చూడాలంటే పిల్లనెత్తుకోవాల్సిందేగా!

అత్తకి చెప్తే అత్త నవ్వింది. "ఉచ్చగుడ్డకి సోకులేంటే?"

తిరపతమ్మ వినలేదు. మామగారు అన్నం తింటుంటే ఆయన మంచి చిలక అచ్చు తీసుకొచ్చింది. జిగురులో ఇంత ఎర్రరంగు కలిపింది. టప్పుమని కొట్టింది. రంగు ఊడకుండా ఉండాలంటే గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టాలి, కాగులో ఉడకబెట్టాలి. అవేం చెయ్యలేదు. ఉచ్చగుడ్డే కదా, ఇంతమాత్రం దానికి అవన్నీ ఎందుకులే అనుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకో.

"చిలక ఎర్రగా ఉంటుందా అమ్మమ్మా?"

అద్దకంలో ఉంటుంది. నోర్మూసుకుని విను.

కోటయ్య అరుగు మీద నలుగురితో కూర్చునున్నాడు. పిల్ల పాక్కుంటూ వచ్చింది. "ఓసి, ఇది నా చిలకే!" అని మురిసిపోయి ఒళ్ళోకి తీసుకున్నాడు. పిల్ల తన పని తను కానిచ్చేసింది. కోటయ్య ఛీ ఛీ అని పిల్లని దింపి కిందకి చూసుకుంటే, తెల్లటి పంచె మీద అచ్చు గుద్దినట్టు ఎర్రచిలక!

"ఏం కోటయ్యా, నీ మనవరాలు అప్పుడే అద్దకం మొదలెట్టిందే!" అని నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

కోటయ్యకి కోడలి మీద మండిపోయింది. "దేవుడి తెర మీద పడే అచ్చు ఉచ్చగుడ్డకా? ఇంకోసారి నా అచ్చులు ముట్టుకున్నావంటే చూడు!" అని అచ్చులన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

అప్పుడు తిరపతమ్మ తన పెళ్ళిచీర జరీ అంచు కత్తిరించి గోచీకి కుట్టింది. పిల్ల తళతళా మెరిసింది. రత్తమ్మ చూసి, "అబ్బో, పెళ్ళికూతురే!" అని ఎత్తుకుంది. ఎత్తుకున్న కాసేపటికే పిల్ల వీధి ఎగిరిపోయేలా ఏడుపు. రత్తమ్మ తెచ్చి ఉయ్యాల్లో పడేసి వెళ్ళిపోయింది. ఆదెమ్మ ముడి విప్పి చూస్తే తొడలనిండా జరీ గీరిన ఎర్రటి గీతలు.

"చూసేవాళ్ళకి బానే ఉంది. కట్టుకున్నదాన్ని అడిగావా?" అంది ఆదెమ్మ.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. తిరపతమ్మ గట్టు మీద కూర్చుని ఆలోచించింది. తప్పు చిలకదీ కాదు, పిల్లదీ కాదు. దేవుడి తెరకి తను పది రోజులు ఒళ్ళు వంచుతుంది. పిల్ల గోచీకి పూట కూడా వంచలేదు. ఊరంతా ఉచ్చగుడ్డే కదా అంటే, తనూ అదే అంది!

పొయ్యి కట్టెల్లో ఓ పగిలిన అచ్చు పడుంది. దాని మీదా చిలకే, తోక మాత్రం ఎగిరిపోయింది. దాన్ని తీసుకుంది. గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టింది. ఎండబెట్టింది. పటిక నీళ్ళతో అచ్చు కొట్టింది, పటిక పడ్డచోటే రంగు పట్టుకుంటుంది మరి. కాలవలో జాడించింది. కాగులో రంగువేరు వేసి ఎర్రగా ఉడికించింది. మళ్ళీ జాడించింది, మళ్ళీ ఆరేసింది. ఇలా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ పిల్ల ఏడుపు వింటూనే చేసింది.

ఆ తర్వాత ఆదెమ్మ తన పాతచీర తెచ్చి ఇచ్చింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన చీర. దాన్ని లోపలివైపు మూడు మడతలేసి కుట్టారు. నడుము దగ్గర గుచ్చుకునేవేం పెట్టలేదు. మెత్తటి గుడ్డపేలికలు, అంతే. గోచీ కట్టి, పిల్లని అరుగు మీద బోర్లా పడుకోబెట్టి తిరపతమ్మ కాలవకి పోయింది.

కోటయ్య వచ్చాడు. చూశాడు. "పొయ్యిలోకి పోవాల్సిన చిలక ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు. బొటనవేలు తడి చేసుకుని చిలకని రుద్దాడు. రంగు రాలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. రాలేదు. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, గోచీ అంచు తిరగేసి లోపలి మెత్తదనం చూశాడు. చూస్తుండగానే పిల్ల పోసేసింది.

అరుగు మీది నలుగురూ మెడలు సాచి వంగారు. పంచె తడిసింది. తెల్లగానే ఉంది.

"లేచి పంచె మార్చుకో కోటయ్యా," అన్నారు.

"ఉండండర్రా! ముందు రంగు ఎలా నిలబడిందో చూడండి," అని ఆ తడిపంచెతోనే కూర్చుని పిల్లని పక్కాయన చేతికిచ్చాడు. ఆయన తిరగేసి చూసి ఇంకొకాయనకిచ్చాడు.

కాలవలో తిరపతమ్మకి ఏడుపు వినపడలేదు. గుడ్డ గట్టు మీదకి విసిరేసి తడిచీరతో పరిగెత్తింది. ఉయ్యాల ఖాళీ. అరుగు ఖాళీ. మొదటింట్లో అడిగితే, "ఇప్పుడే రెండోవాళ్ళు పట్టుకెళ్ళారు" అన్నారు. రెండోవాళ్ళని అడిగితే, "మూడోవాళ్ళు లాక్కుపోయారు" అన్నారు. తీరా చూస్తే ఆ మూడోవాళ్ళు పక్కింటి రత్తమ్మావాళ్ళే. రత్తమ్మ ఒళ్ళు తడిసి ముద్దయింది. అయినా ఆవిడ చిలకని చూడట్లేదు. పిల్ల మొహం చూసి ఉంగా ఉంగా అంటోంది.

తిరపతమ్మ పిల్లని చంకనేసుకుని ఇంటికొచ్చింది. కోటయ్య పెరట్లో ఉలి పట్టుకుని కూర్చునున్నాడు. ముందు అరచేతంత చెక్క.

"ఆ తోకలేని చిలకని చూళ్ళేక చస్తున్నానమ్మాయ్," అన్నాడు తలెత్తకుండా. "గోచీకి సరిపడా చిన్నది చెక్కుతున్నా. ఇంతకీ పటిక ఎన్ని పాళ్ళు వేశావు?"

ఊళ్ళో అందరికంటే గొప్ప పనివాడు కోడల్ని పాళ్ళు అడిగాడు! తిరపతమ్మ పిల్లని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి మరీ చెప్పింది.

ఆ తర్వాత ఆ ఊళ్ళో చిలక లేకుండా పాకిన పిల్ల లేదు. చూసినవాళ్ళ చేతులు ఊరుకునేవి కావు, ఎత్తుకునేవాళ్ళు.

కళ్ళు మూసుకో. మళ్ళీ తెరిచావంటే నీకూ కడతా గోచీ.

కథ పోయె కంచికి,
చిలక పోయె గోచీకి,
తడి పోయె పంచెకి,
నువ్వు పో నిద్దరకి.