షోరూమ్ నుంచి వచ్చినట్టే

సాలూరులో తెలివైనవాళ్ళెవరని అడిగితే, మా వీధిలో బలగ వాళ్ళింట్లో నాలుగు చేతులు ఒకేసారి లేస్తాయి. ఒకటి తల్లి తవిటమ్మది, మిగతా మూడూ ఆమె కొడుకులవి. పెద్దవాడు సింహాచలం, నడిమివాడు పోలినాయుడు, కడగొట్టువాడు గౌరీసు.

"మాట వింటే సాలదు, అచ్చరం పొల్లు పోకుండా సెయ్యాల. ఈ ఊరోళ్ళకి ఆ తెలివి నేదు," అంటుంది తవిటమ్మ. పక్కింటివాణ్ణి కనుక ఈ మాట నేను రోజూ వింటాను. విన్నప్పుడల్లా నా గుండె గుభేలుమంటుంది.

తవిటమ్మ పొద్దున్నే బస్టాండు దగ్గర అట్లు పోసి అమ్ముతుంది. పిండికి ఒక గ్రైండరు ఉండేది. మోటారు వేడెక్కితే కాసేపు చల్లబరచమని రిపేరు చేసినవాడు చెప్పాడు. అంతే, సింహాచలం బిందెడు నీళ్ళు తెచ్చి మోటారు మీద పోశాడు. అది ఠప్పుమని చల్లబడింది, ఇక మళ్ళీ ఎప్పుడూ వేడెక్కలేదు. చెప్పింది చెప్పినట్టు చేశామని అన్నదమ్ములు ముగ్గురూ మురిసిపోయారు. ఆ రోజు నుంచి తవిటమ్మ రుబ్బురోలు ముందు కూర్చుంది. సాయంత్రమయ్యేసరికి ఆమె కుడి భుజం పైకి లేచేది కాదు. గోడ అవతల ఆ మూలుగు నాకు రోజూ వినిపించేది.

సరిగ్గా అప్పుడే వేగవతి మోటారుసైకిల్ క్లబ్బు వాళ్ళు రేసు పెట్టారు. ఊళ్ళో మామూలు బళ్ళున్న మామూలు కుర్రాళ్ళ కోసం, పాత ఇటుకబట్టీ మైదానం చుట్టూ ఐదు చుట్లు. మొదటి బహుమతి గ్రైండరు. ఇంకేముంది, నలుగురూ బయల్దేరి పాణిగ్రాహి గారి స్పేరుపార్టుల కొట్టుకి వెళ్ళారు. క్లబ్బు కార్యదర్శి ఆయనే. వినోదం తప్పిపోతుందని నేనూ వెంట నడిచాను.

"రూల్సు మూడే," అన్నాడు పాణిగ్రాహి. "బండి షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉండాలి, ఏ మార్పూ చేయించకూడదు. రేసు కోసం పెట్టే ఖర్చు ఐదువేలు దాటకూడదు, ప్రతి రూపాయీ లెక్కలోకి వస్తుంది. డబ్బున్నవాడు డబ్బుతో గెలవకూడదని ఆ రూలు పెట్టాం. ఇక మూడోది, ఇది కొత్తవాళ్ళ రేసు. ఒకసారి గెలిచినవాడికి ఇందులో అర్హత లేదు."

"అచ్చరం పొల్లు పోనివ్వం బావూ," అంది తవిటమ్మ. అలాంటి మనుషులే కావాలన్నాడాయన, పాపం.

వాళ్ళది వాళ్ళ నాన్న కొన్న పన్నెండేళ్ళ నాటి బండి. ఇంటికి రాగానే నలుగురూ దాని చుట్టూ కూర్చుని, షోరూమ్ నుంచి వచ్చిన రోజు ఇదెలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడం మొదలెట్టారు. సీటుకి ప్లాస్టిక్ కవరుండేది. సరే, పాల కవర్లు కోసి కుట్టి తొడిగారు. హ్యాండిలుకి బంతిపూల దండ ఉండేది. వేశారు. చక్రాల కింద నిమ్మకాయలుండేవి. పెట్టారు. అప్పటికింకా నంబరు రాలేదు కదా అని నంబరు ప్లేటు పీకేశారు. షోరూమ్ వాడు పావు లీటరు పెట్రోలు మించి పోయలేదని గుర్తొచ్చి, ట్యాంకులో మిగతాదంతా డబ్బాలోకి వంపేశారు.

"మీటరో?" అన్నాడు గౌరీసు.

అందరూ మీటరు వంక చూసి దిగులు పడ్డారు. అది ముప్పై ఎనిమిది వేలు చూపిస్తోంది. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు సున్నా.

"ముందుకెళ్తే పెరిగింది గదా, ఎనక్కి తోస్తే తగ్గదేటి?" అన్నాడు పోలినాయుడు.

అంతే, ఆ సాయంత్రం నుంచి ముగ్గురూ బండిని వెనక్కి తోసుకుంటూ మా వీధి నుంచి రైలుగేటు దాకా తిరిగారు. ఎదురొచ్చినవాళ్ళు దారి ఇచ్చి నవ్వుకున్నారు. వారం పోయాక ఎంత తగ్గిందని పోలినాయుణ్ణి అడిగాను.

"తగ్గనేదు గానీ బావూ, పెరగడం ఆగింది," అన్నాడు గర్వంగా.

ఖర్చు సంగతి ఇంకా ఘోరం. ప్రతి రూపాయీ లెక్కలోకి వస్తుందన్నారు కదా. బండి దగ్గర నిలబడి తాగిన టీలు, తిన్న పకోడీలు, అన్నీ ఆ ఐదువేలలోనే రాశారు. తోసి తోసి ఆకలేసి ఇంట్లో తిన్న అమ్మ చేతి అట్లు కూడా బస్టాండు ధరకి రాశారు. తీరా అరిగిపోయిన బ్రేకులు మార్చే దగ్గరికొచ్చేసరికి ఒక్క చక్రానికే డబ్బు మిగిలింది. వెనక చక్రానికి వేయించి, ముందుది అలాగే వదిలేశారు. పాణిగ్రాహి జాలిపడి ముందు బ్రేకు ఊరికే ఇస్తానన్నాడు.

"ఊరకనే ఇస్తే ఖర్సు కాదు గదా బావూ, దాన్ని ఖర్సులో ఎలగ రాయాల?" అని సింహాచలం అడిగితే, ఆయన ఆ బ్రేకుని మళ్ళీ అలమారలో పెట్టేశాడు.

తవిటమ్మ గౌరీసుకి బుద్ధి చెప్పింది. "ఒరే నాయినా, ఉన్నది ఒక్క బ్రేకు. అరిగిపోతే కొనడానికి రూపాయి నేదు. గొప్ప అవసరం వత్తేనే తొక్కు."

రేసు రోజు మైదానం నిండా జనం. పది బళ్ళు వరసలో నిలబడ్డాయి. మా గౌరీసు బండి పెళ్ళిపీటల మీద నుంచి లేచి వచ్చినట్టుంది. ఈల వేశారు. నిమ్మకాయలు చితికాయి. అందరూ మలుపు రాగానే బ్రేకు తొక్కుతున్నారు. గౌరీసు తొక్కడం లేదు. మలుపు గొప్ప అవసరమని అతనికి అనిపించలేదు. దుమ్ము లేపుకుంటూ, దండ మెడకి చుట్టుకుని, కళ్ళు మూసుకుని తిరిగేస్తున్నాడు. ఇంకేముంది, నాలుగో చుట్టుకి అందరికంటే ముందున్నాడు. వెనకాలే ఉన్నవాడు రైసుమిల్లు వాళ్ళబ్బాయి దాలినాయుడు ఒక్కడే. తవిటమ్మ భుజం నొప్పి మరిచిపోయి రెండు చేతులూ ఎత్తేసింది. నేనూ నా తువ్వాలు తిప్పాను.

ఆఖరి గీత దగ్గరపడుతోందనగా గౌరీసు పళ్ళు బిగించి బ్రేకు తొక్కాడు. బండి కీచుమని గీతకి జానెడు ముందు ఆగిపోయింది. దాలినాయుడు పక్క నుంచి దూసుకుపోయి గీత దాటేశాడు.

"ఏటిరా ఆగిపోనావు?" అని అరుస్తూ సింహాచలం పరుగెత్తాడు.

"గెలిసినోడికి అర్హత నేదన్నారు గదా అన్నియ్యా. దాటితే గెలిసీసినట్టే గదేటి. అప్పుడు గ్రైండరు ఎవులిత్తారు?"

అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ్ముడి తెలివికి సింహాచలం కళ్ళు చెమ్మగిల్లాయి. ఈలోగా పాణిగ్రాహి పరుగున వచ్చాడు. "గీత దాటకపోతే నువ్వు అసలు లెక్కలోకే రావురా నాయనా, దాటు," అని మొత్తుకున్నాడు.

"దాటీరా. ఆ గుంటడు ముందే దాటీసినాడు గదా, ఇప్పుడు నువ్వు దాటినా గెలిసినట్టు కాదు," అని తవిటమ్మ తీర్పు చెప్పింది.

దాటుదామంటే పావు లీటరూ అయిపోయింది. అన్నలు తోయడానికి సిద్ధపడ్డారు. తిన్నగా తోస్తే మీటరు పెరుగుతుందని బండి మొహం వచ్చిన వైపుకి తిప్పి, గౌరీసుని దాని మీదే కూర్చోబెట్టి, వెనక్కి తోసుకుంటూ గీత దాటించారు. అప్పటికి మిగతావాళ్ళింకా మలుపులోనే ఉన్నారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గ్రైండరు దాలినాయుడి పక్కన పెట్టారు. తవిటమ్మ దాని వంకే చూస్తూ భుజం నొక్కుకుంటోంది.

రేసయ్యాక బళ్ళు విప్పి చూడడం ఆ క్లబ్బు పద్ధతి. పాణిగ్రాహి దాలినాయుడి ఇంజను విప్పించాడు. లోపల షోరూమ్ పిస్టను లేదు, దాని కంటే పెద్దది ఉంది. "మార్పు చేయించావు. నీకు అర్హత లేదు," అని అక్కడికక్కడే గ్రైండరు వెనక్కి లాగేసుకున్నాడు. అన్నదమ్ములు ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

తర్వాత వీళ్ళ బండి దగ్గరికొచ్చాడు. ప్లాస్టిక్ కవరు చూశాడు, దండ చూశాడు, ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. "ఇంత రూలు ప్రకారం ఉన్న బండిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు," అని గ్రైండరు తెచ్చి తవిటమ్మ ముందు పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుని ఏడ్చేసింది. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, ఇందులో దాచేదేముంది.

మర్నాడు పొద్దున్న ఆ కొత్త గ్రైండరు పిండితో పోసిన అట్టు తిందామని వాళ్ళింటికి వెళ్ళాను. గ్రైండరు గది మధ్యలో ఉంది. విప్పని ప్లాస్టిక్ కవరు, మెడలో బంతిపూల దండ, నాలుగు కాళ్ళ కిందా నాలుగు నిమ్మకాయలు. దాని పక్కనే నేల మీద తవిటమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని పప్పు రుబ్బుతోంది.

"ఇదేంటమ్మా, దాన్లో వెయ్యలేదా?" అన్నాను.

తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "దాన్లో పప్పేత్తే అది షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉంటాదేటి బావూ? మార్పు సేసినందుకే గదా ఆ దాలినాయుడి దగ్గిర నాగేసుకున్నారు. మాకు ఆ మాత్రం తెలీదా?"

"మరి నీ భుజం?"

"అదివరకు ఒక్కర్తినే రుబ్బుకునీదాన్ని. ఇప్పుడు గ్రైండరు తోడుంది గదా, ధైర్నంగా ఉంది," అంది.

అని, పిండి చింది దాని మీద పడుతుందేమోనని కొడుకుల్ని కేకేసింది. అంతే, ముగ్గురూ వచ్చి రుబ్బురోలెత్తి బయట ఎండలో పెట్టారు. తవిటమ్మ లేచి వెళ్ళి అక్కడ కూర్చుంది. వేడెక్కకుండా ఉండాలని గౌరీసు గ్రైండరుకి ఫ్యాను వేశాడు.