పునుగుపిల్లికి పడ్డ బాకీ

పడుగు పడుగున పాలవెన్నెల
పేక పేకన పైడిపువ్వు
అంచున వాలిన చిలకమ్మా
వెళ్లేటప్పుడేమన్నావే...

అంతే. ఆ తరువాత చిలకమ్మ ఏమందో పాటలో లేదు. ఒకప్పుడు ఉండేది. అదెలా పోయిందో చెప్పేదే ఈ కథ.

అనగా అనగా, మంచుకు ఇంకా మాటలు వచ్చే కాలంలో, ఒక ఏటి ఒడ్డున నేతవాళ్ల పల్లె ఉండేది. ఆ పల్లెలో తిరుపాలు అనే నేతగాడు, అతని భార్య నాంచారి కాపురముండేవారు. తిరుపాలు మగ్గం నేసేవాడు. నాంచారి నూలుకు రంగు వేసేది, కండెలు చుట్టేది, చుడుతూ చిన్ననాటి పాట పాడేది. వాళ్లింటి చీరల ఎర్రంచు చూస్తే పక్క ఊరి పెళ్లికూతుళ్లు నడుస్తున్న నడక ఆపేసేవారు.

తిరుపాలు మంచివాడే. చేతినిండా పని, నోటినిండా నవ్వు.

ఒక చలికాలం పొద్దున అతను నూలు తడపడానికి ఏటికి వెళ్లాడు. ఏరు కనపడటం లేదు. అంతా మంచు. ఆ మంచులోంచి ఒక వాసన వచ్చింది. గంధం కాదు, సంపెంగ కాదు. ఎక్కడో ఎవరో మనల్ని తలుచుకుంటున్నట్టుండే వాసన. దాని వెంట పోతే, ఒక రాతిమీద పునుగుపిల్లి కూర్చుని ఉంది. దాని ముందు ఆరు గవ్వలు. పాలలో కడిగినట్టు మెరుస్తున్నాయి.

"రా నాయనా, ఒక్క పందెం వేద్దాం. నాకూ పొద్దుపోవడం లేదు," అంది.

మొదటి రోజు తిరుపాలు గెలిచాడు. ఇత్తడి చెంబు తెచ్చాడు. నాంచారి ఆ చెంబును మూడుసార్లు తోమి గూట్లో పెట్టింది. రెండో రోజు ఓడాడు. చెంబు వెళ్లిపోయింది. ఆ వెనకే వాళ్ల చెంబులు కూడా వెళ్లిపోయాయి.

"ఇక నా దగ్గరేం లేదు," అన్నాడు తిరుపాలు.

"లేకపోతేనేం? అప్పిస్తాను ఆడు. నువ్వెక్కడికి పోతావు, నేనెక్కడికి పోతాను," అంది పునుగుపిల్లి. అది ఎప్పుడూ కోప్పడదు. అదే దానితో వచ్చిన చిక్కు.

ఒకనాడు నాంచారి చిలపగా చుట్టిన నూలును ఎర్రరంగు కాగులో ముంచి తీసింది. తెల్లగా వచ్చింది. మళ్లీ ముంచింది. మళ్లీ తెల్లగానే వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మొగుడు గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. అతని కండువా నిండా ఆ వాసన.

"ఎరుపేది మావా?"

"ఓడిపోయాను," అన్నాడు. ఏడ్చాడు. "మగ్గం మీద ఒట్టు నాంచారీ, ఇక పోను."

ఆ ఒట్టు నిజంగానే వేశాడు. అతని కన్నీళ్లూ నిజమే. కాని పొద్దున్నే మంచు దిగింది, వాసన వచ్చింది, పోయిన ఎరుపును గెలిచి తెస్తానని కాళ్లు వాటంతటవే కదిలాయి.

ఆ తరువాత ఒకనాడు నాంచారి కండె చుడుతూ పాట ఎత్తుకుంది. చిలకమ్మ దాకా వచ్చింది. ఆగిపోయింది. నోరు తెరుచుకుని ఉంది గాని లోపల మాటలు లేవు. కుండలో చెయ్యి పెడితే బియ్యం లేనట్టు.

"నా పాట కూడానా?" అంది.

"ఆ పునుగుపిల్లే అడిగింది. పాటకు బరువుంటుందా, పోతే ఏం పోతుందిలే అనుకున్నాను," అన్నాడు తిరుపాలు. "ఏటి మీద ఒట్టు నాంచారీ, ఇక పోను."

మళ్లీ పోయాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నేతవాళ్లు బట్ట నేయడం అయ్యాక మగ్గం మీది పోగులన్నీ కోసెయ్యరు. జానెడు చివర్లు వదిలేస్తారు. నిలువు పోగుల్ని పడుగంటారు కదా, కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగుల్ని ఆ పాత చివర్లకు ఒక్కొక్కటే అతుకుతారు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, కొసకు కొస కలిపి పురి తిప్పుతారు. పాత పోగు చెయ్యి పట్టుకుని కొత్త పోగు మగ్గంలోకి వస్తుందన్నమాట. తిరుపాలు మగ్గం మీది చివర్లు అతని అమ్మ అతికినవి, అంతకుముందు అవ్వ అతికినవి. అవి తెంపిన చెయ్యి ఆ ఇంట్లో లేదు. చూడ్డానికి మాత్రం చింపిరి దారాలు. సంతలో పెడితే కాకి కూడా గూటికి ఎత్తుకుపోదు.

పునుగుపిల్లి ఆ చివర్లు పందెం పెట్టమంది.

"అవా?" అని నవ్వాడు తిరుపాలు. "తీసుకో." జీవితంలో ఇంత చవకైన పందెం కాయలేదనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మగ్గం బోసినోరు తెరుచుకుని ఉంది. కొత్త పడుగు మూలన చుట్టగా పడి ఉంది. దాన్ని అతకడానికి ఏమీ లేదు. తిరుపాలు మగ్గం గుంటలో చతికిలబడ్డాడు. "నీ మీద ఒట్టు నాంచారీ," అనబోయాడు.

నాంచారి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మావా. ఒట్టు కూడా నువ్వు పందెం కాసినట్టే వేస్తున్నావు."

అప్పుడతను మెల్లగా అన్నాడు. "ఈసారి నన్నే పెట్టమంది. గెలిస్తే అన్నీ తిరిగి వస్తాయట."

నాంచారి పొద్దున లేచి చూస్తే పక్కన అతను లేడు. గుమ్మం దాకా మంచు వచ్చి కూర్చుని ఉంది.

ఆమె వాసన పట్టుకుని నడిచింది. ఏటి ఒడ్డున తిరుపాలు రాతి ముందు కూర్చుని ఉన్నాడు. ఇంకా గవ్వలు వెయ్యలేదు. కాని అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా మంచయిపోయాడు. అవతల ఇసుక అతని కాళ్లలోంచి కనపడుతోంది.

"రామ్మా రా," అంది పునుగుపిల్లి. "నీ హస్తవాసి మంచిదని విన్నాను. ఒక్కసారి వెయ్యి. గెలిస్తే ఎరుపు ఇచ్చేస్తాను. ఓడితే ఏమీ అడగను."

గవ్వల్ని ఆమె అరచేతిలో పెట్టింది. చల్లగా ఉన్నాయి. వెన్నముద్దల్లా ఉన్నాయి. నాంచారి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఒక్కసారి వేస్తే ఏమవుతుంది అనిపించింది. మొగుడికి రోజూ ఏమనిపిస్తోందో ఆమెకప్పుడు తెలిసింది. కోపం పోయింది. భయం వచ్చింది. గవ్వల్ని రాతి మీద పెట్టేసింది.

"ఆడను," అంది.

పునుగుపిల్లి కళ్లు మూసుకుని ఒక రాగం తీసింది. చిలకమ్మ తరువాత వచ్చే రాగం. మాటల్లేవు, రాగమే. "ఒక్కసారి వెయ్యి, మాటలు కూడా నీవే."

"ఆడను."

"అన్నీ ఇస్తాను. నీ మొగుణ్ణి కూడా. ఒక్కటంటే ఒక్క పందెం."

"ఆడటానికి రాలేదు. తీర్చడానికి వచ్చాను," అంది నాంచారి. "మేం నీకెంత బాకీ? అది చెప్పు."

పునుగుపిల్లి చెవి గోక్కుంది. "బాకీయా... ఇంతవరకూ ఎవరూ అడగలేదే. అందరూ ఇంకో పందెమనే అడుగుతారు." ఏటి వైపు చూసింది. "ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పరిచేంత బట్ట. అది తీరితే మీవి మీకిచ్చేస్తాను," అంది.

"ఇస్తాం. కాని మగ్గం చివర్లు నీ దగ్గరున్నాయి. అవి లేకుండా నేత లేదు, నేత లేకుండా నీ బాకీ తీరదు. పనిముట్టు దాచుకుని కూలి అడుగుతావా? ఏటి జనం వింటే నవ్వరా?"

పునుగుపిల్లికి పరువు మీద మక్కువ. గొణుక్కుంటూ చివర్ల చుట్ట తీసి విసిరింది. నాంచారి దాన్ని తను పట్టుకోలేదు. తిరుపాలు ఒళ్లో పెట్టింది. "నువ్వే పట్టుకో మావా. నీ చేతులింకా చేతులుగానే ఉన్నాయి."

అతను పట్టుకున్నాడు. అమ్మ వేళ్ల బూడిద ఆ దారాలకు ఇంకా ఉన్నట్టే ఉంది. లేచాడు. మంచుకాళ్లతోనే తూలుకుంటూ నడిచాడు. ఇంటి గుమ్మం తొక్కేసరికి మడమలు వచ్చాయి. వేళ్లు రావడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఆ రోజు నుంచి నాంచారి ఒక ఉపాయం చేసింది. పడుగులు కావాలని పొట్టిగా వేసింది. పొట్టి పడుగు తొందరగా అయిపోతుంది, మళ్లీ కొత్తది అతకాలి. అంటే ఇంచుమించు రోజూ పొద్దున్నే, మంచు దిగి వాసన గుమ్మంలో కూర్చునే వేళకి, ఇంట్లో అతుకుల పని ఉంటుంది. ఆమె పోగు అందించేది, అతను అతికేవాడు.

"ఎన్నాళ్లిలా?" అని అడిగేవాడు మొదట్లో.

"ఎన్నాళ్లో నాకేం తెలుసు? ఇదిగో, ఇవాళ్టి పోగు," అనేది.

తెల్లబట్ట. ఎరుపు లేదు. సగం పాట. అయినా మగ్గం ఆడింది.

ఒక పొద్దున అతను పోగు వదిలేసి లేచాడు. గుమ్మం దాటాడు. నాంచారి పిలవలేదు. ఎండెక్కాక తడి కాళ్లతో తిరిగి వచ్చాడు. "ఆడలేదు," అన్నాడు. మగ్గం వైపు చూసి, "ఆడాను," అన్నాడు. "ఇంకో మూర బట్ట పెరిగింది."

నాంచారి కళ్లు తుడుచుకుంది. ఆ పోగును తను అతకకుండా అలాగే ఉంచింది. "కూర్చో మావా. నీ పోగు అతక్కుండా ఉంది."

అతను కూర్చున్నాడు. వేళ్లకు బూడిద అద్దుకున్నాడు. అతికాడు.

అలా చలికాలాలు వచ్చాయి, పోయాయి. ఒకనాడు బట్టను ఏటి మీద పరిస్తే ఆ ఒడ్డును తాకింది. పునుగుపిల్లి దాని మీద ఆ చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి వచ్చింది. తప్పు పట్టడానికి ఒక్క అతుకూ దొరకలేదు. నోట్లోంచి చిన్న ఎర్రటి గింజ రాల్చింది. ఎరుపు ఇంటికి వచ్చేసింది.

"మరి పాట?" అన్నాడు తిరుపాలు.

పునుగుపిల్లి తోక వైపు చూసుకుంది. "అదా... అవతలి ఒడ్డు ముంగిసతో ఆడి ఓడిపోయాను. నాలుగు గవ్వలు అప్పివ్వు నాయనా. ఈసారి తప్పకుండా గెలిచి తెస్తాను."

తిరుపాలుకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడుపు వచ్చింది. "నా గొంతు నాకే వినపడినట్టుంది," అన్నాడు. "మా ఇంట గవ్వలు లేవు. మంచులో ఒంటరిగా ఉండలేకపోతే వచ్చి కండెలు చుట్టు. నాంచారి గంజి పోస్తుంది."

అది వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు. కొన్ని పొద్దులు మాత్రం గుమ్మంలో చుట్టిన కండె ఒకటి ఉండేది. దానికి పునుగు వాసన వేసేది.

కాలం గడిచింది. తిరుపాలు ముసలివాడయ్యాడు. అతని ఆఖరి పొద్దున కూడా మంచు దిగింది, వాసన గుమ్మం దాకా వచ్చింది. అతను గుమ్మం వైపు ఒకసారి చూసి, మగ్గం వైపు తిరిగి, నాంచారితో ఒక మాట అన్నాడు.

పాటలో చిలకమ్మ ఏమందో నాంచారికి ఎప్పటికీ గుర్తు రాలేదు. ఆ ఖాళీలో ఆ మాటే పెట్టుకుని మనవలకు పాడి వినిపించేది.

"పోయినదాన్ని ఆడి తెచ్చుకోలేం నాంచారీ. ఇవాళ్టి పోగు ఇలా అందియ్యి, అతుకుదాం."