పాత్ర మీద చెయ్యి

కూర్మయ్యకు ధ్యానంలో నిద్ర వచ్చేది. కళ్ళు మూసుకున్న కాసేపటికే గడ్డం ఛాతీ మీదికి వాలిపోయేది, గురక మొదలయ్యేది. పక్కన కూర్చున్న తోటి శిష్యుడు కోదండం మోచేత్తో పొడిచేవాడు. పొడిస్తే లేచేవాడు, మళ్ళీ వాలేవాడు.

ఒళ్ళు కూడా బాగా పెరిగిపోయింది. వంశధార ఒడ్డున చిన్న గుట్ట మీద వాళ్ళ ఆశ్రమం. ఏటిలో నీళ్ళు ముంచుకుని గుట్టెక్కేసరికి మోకాళ్ళు పట్టేసేవి. "ఇంక నా వల్ల కాదు గురువుగారూ, వెళ్ళిపోతాను" అని గురువు సోమయోగి దగ్గర ఒకసారి ఏడ్చాడు కూడా.

ఆశ్రమానికి వచ్చిపోయే వైద్యుడొకాయన నాడి చూసి, నాలుక చూసి, "అన్నం మానెయ్యి నాయనా. గంజి, బెల్లం, దుంపలు, అవీ వద్దు. పప్పు తిను, ఆకుకూర తిను, పెరుగు తిను. నీ ఒంటికి అదే పడుతుంది" అన్నాడు.

కూర్మయ్య మానేశాడు. మొదట్లో తల పగిలిపోయేది. ఎవరు పలకరించినా కసురుకునేవాడు. అన్నం కలలోకి వచ్చేది. నిజంగానే, పొగలు కక్కే అన్నం, మీద నెయ్యి. అదంతా దాటాక ఒళ్ళు తేలికపడింది. పంచె జారిపోతుంటే బిగించి కట్టుకోవలసి వచ్చింది. బిందె భుజాన పెట్టుకుని గుట్టెక్కి, ఆయాసం లేకుండా నిలబడి ఏటిని చూశాడొక ఉదయం. ఇదే ఏరు ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా అనిపించింది. ధ్యానంలో మెలకువ నిలిచింది.

"మొహం తేటపడిందిరా" అన్నాడు గురువు, సంతోషంగా.

ఒక్క చిక్కు మిగిలింది. ఆ ఆశ్రమంలో పొయ్యి వెలిగించరు. శిష్యులు పొద్దున్నే ఊళ్ళోకి మధూకరానికి వెళ్ళాలి. ఇంటికో పిడికెడు అన్నం, ఉంటే కాస్త కూర. తెచ్చినవన్నీ ఒకచోట చేర్చి అందరూ పంచుకుంటారు. ఇది కావాలని అడగకూడదు, అది వద్దని అనకూడదు. వాళ్ళకున్న నియమం అంతే.

కూర్మయ్య ఒకరోజు నిండు పాత్రతో తిరిగి వస్తున్నాడు. వేడి అన్నం వాసన ముక్కుకు తగిలింది. కాలవ గట్టు మీద కూర్చుని, ఎవరూ చూడకుండా, పాత్రలో సగం తినేశాడు. ఆ పగలంతా మత్తు, ఆ సాయంత్రమంతా సిగ్గు. మళ్ళీ పాతరోజులు వచ్చేస్తాయని హడలిపోయాడు.

మర్నాటి నుంచి పాత్ర మీద అరచెయ్యి అడ్డం పెట్టడం మొదలుపెట్టాడు. "అన్నం వద్దు తల్లీ. కూరుంటే వెయ్యండి."

ఉన్నవాళ్ళు మురిసిపోయి వేశారు. కొందరు అతని కోసమే ప్రత్యేకంగా వండారు. కోదండం వేళాకోళం ఆడాడు. "నీ పాత్ర బాగుందిరా కూర్మయ్యా! రేపు కాస్త గుత్తివంకాయ చెప్పిరా."

ఊరి చివర పైడమ్మ అనే ముసలావిడ ఉండేది. జీడితోటల్లో కూలికి వెళ్ళేది. అన్నం వండుకుని, ఉల్లిపాయ నంజుకుని తినడమే ఆవిడకు భోజనం. పనికి వెళ్ళేముందు ఒక పిడికెడు సన్యాసులకు తీసిపెట్టేది. కూర్మయ్య చెయ్యి అడ్డం పెట్టిన రోజు ఆ పిడికెడు అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ తలుపు తెరుచుకోలేదు.

"పైడమ్మ తలుపేసుకుంటోంది గురువుగారూ" అన్నాడు కూర్మయ్య. "భక్తి తగ్గినట్టుంది."

మర్నాడు పొద్దున్నే సోమయోగి చేతికర్ర తీసుకుని కూర్మయ్య వెంట బయల్దేరాడు. నేరుగా పైడమ్మ ఇంటికే నడిచాడు. తలుపు వేసి ఉంది. పైకప్పు సందుల్లోంచి పొగ వస్తోంది.

"భిక్ష తల్లీ!"

లోపల గిన్నె చప్పుడు ఆగింది. "ఎవులు? పెద్దసామేనా?"

"నేనే."

"ఆ బాబు కూడా ఒచ్చినాడా?"

"వచ్చాడు."

"అయితే ఎల్లిపోండి సామీ. ఆ బాబు తినేదేటీ నా ఇంట నేదు."

కూర్మయ్య తల దించుకున్నాడు.

"ఉన్నదే పెట్టమ్మా" అన్నాడు గురువు.

తలుపు తెరుచుకుంది. పైడమ్మ పిడికిట్లో అన్నంతో నిలబడింది. గురువు చేతిలో పాత్ర లేదు. శిష్యుడి వైపు చూశాడు. కూర్మయ్య చెయ్యి పాత్ర మీదే ఉంది.

"గురువుగారూ, వద్దు" అన్నాడు గొంతు తగ్గించి. "దారిలో తినకుండా ఆగలేను. ఒకసారి తినేశాను. మీకు చెప్పలేదు. మళ్ళీ మొదలైతే ఆ గుట్ట ఎక్కలేను. మీ దగ్గర ఉండలేను."

సోమయోగి ఆ చేతిని పాత్ర మీంచి మెల్లగా తీశాడు. తీసి వదిలెయ్యలేదు, తన చేతిలోనే పట్టుకున్నాడు.

పైడమ్మ అన్నం వేసింది. కూర్మయ్యను ఎగాదిగా చూసింది. "బాగా సిక్కిపోనావు బాబూ. మంచిదే. అయినా నా పిడికెడు మెతుకులు నిన్నేటి సేసినాయి?"

"ఏమీ చెయ్యలేదమ్మా" అన్నాడు కూర్మయ్య.

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "రేపు రా మరి. తలుపు తీసే ఉంచుతాను" అంది.

మిగతా ఇళ్ళూ తిరిగారు. ఎవరేది వేస్తే అది పాత్రలో పడింది. ఊరు దాటగానే కూర్మయ్య చేతిలోని పాత్ర గురువు అందుకుని తన భుజాన పెట్టుకున్నాడు. పాత్ర వేడికి పలచటి ఉత్తరీయం కింద భుజం ఎర్రబడుతోంది. కూర్మయ్య కంగారుపడి ఇమ్మని చేతులు చాపాడు. గురువు ఇవ్వలేదు. కాలవ గట్టు వచ్చింది. ఇద్దరూ ఆగకుండా దాటేశారు.

ఆశ్రమంలో ఆ పూట గురువే వడ్డించాడు. అందరి విస్తళ్ళలో అన్నం పడింది. దారిన పోతూ ఆగిన యాత్రికుడొకడు పైడమ్మ మెతుకులూ కలిసిన అన్నంలో మజ్జిగ పోయించుకుని కరువుదీరా తిన్నాడు. కూర్మయ్య విస్తరి దగ్గరికొచ్చేసరికి గురువు అన్నం గిన్నె పక్కన పెట్టి, తోటకూర వేశాడు, పప్పు వేశాడు, పెరుగు నిండుగా పోశాడు.

కూర్మయ్య విస్తరిలోంచి తలెత్తి అడిగాడు. "రేపు కూడా మీరే మోస్తారా గురువుగారూ?"

"నీ భయం పోయేదాకా" అన్నాడు సోమయోగి. "తిను, చల్లారిపోతోంది."